విశ్రాంతి తరగతిలో నాలుగో గైర్హాజరు

ఆ వైద్య కళాశాలలో పిల్లలు అలసిపోతున్నారని కనిపెట్టింది పిల్లలు కాదు, కమిటీ. కమిటీ పదకొండుసార్లు కూర్చుంది. కూర్చున్న ప్రతిసారీ బిస్కెట్లు తిని, పిల్లలకు నిద్ర చాలడం లేదని తేల్చింది. తేల్చి ఊరుకోకుండా మందు కూడా కనిపెట్టింది. దాని పేరు విశ్రాంతి తరగతి. రోజూ తెల్లవారుజామున ఐదున్నరకు. వేలిముద్ర తప్పనిసరి.

నిద్ర లేకపోతే గుండెకేమవుతుందో, బుర్రకేమవుతుందో అక్కడ తెరమీద బొమ్మలు వేసి చెబుతారు. గది చల్లగా ఉంటుంది. దీపాలు మసకగా ఉంటాయి. పాఠం చెప్పే మాస్టారి గొంతు జోలపాటకు పినతండ్రి వరస. అయినా సరే, అందులో ఎవరైనా కునుకు తీస్తే గైర్హాజరు వేస్తారు. నాలుగు పడితే పరీక్షకు కూర్చోనివ్వరు.

గడియారానికి అప్పటికి మూడు పడ్డాయి.

గడియారమంటే గోడమీదది కాదు, చివరి ఏడాది చదివే అమ్మాయి. చివరి ఏడాది వాళ్ళంతా ఉండే హాస్టల్ అంతస్తులో మిగతా ముప్పైతొమ్మిది మందినీ పొద్దున్నే తలుపులు బాది లేపేది తనే కాబట్టి ఆ పేరు. అందర్నీ లేపి, తరగతికి తోలుకెళ్ళి, తను మటుకు అక్కడ నిద్రపోయేది. మొదటిసారి బల్లమీద తల వాల్చి పట్టుబడింది. రెండోసారి కళ్ళు తెరుచుకునే నిద్రపోయింది గాని గురక దాచలేకపోయింది. మూడోసారి లేచి నిలబడి, చెయ్యెత్తి నిద్రపోయింది. ఏదో సందేహం అడగబోతోందని మాస్టారు పావుగంట ఎదురుచూశాడు.

ఆ రోజు ఉదయం వార్డు మెట్లమీద ఉండగా వాళ్ళమ్మ ఫోను చేసింది.

“తిన్నావా?”

“తిన్నానమ్మా.”

“ఎప్పుడు?”

“నిన్న.”

“కాసేపు పడుకోవే.”

“ఇంకొక్క గైర్హాజరు పడితే ఏడాది పోతుందమ్మా. మళ్ళీ మొదట్నుంచీ ఇదంతా నావల్ల కాదు.”

ఫోను పెట్టేసి, మెట్లమీదే కూర్చుని కాసేపు ఏడ్చి, మొహం తుడుచుకుని పదిహేడో నంబరు మంచం దగ్గరికి వెళ్ళింది.

ఆ మంచంమీద బట్టలు కుట్టే అవ్వ ఉంది. కళ్ళు తిరిగి పడిపోతోందని తెచ్చి చేర్చారు. నాలుగు రోజులుగా పరీక్షలమీద పరీక్షలు చేస్తున్నారు, ఒక్కదాంట్లోనూ ఏమీ తేలడం లేదు. అవ్వ సంగతులన్నీ కనుక్కుని, పది గంటలకు పెద్దాయన రాగానే ఆయనకు చెప్పాలి. అదీ గడియారం పని.

పెద్దాయన ఆ విభాగానికి అధిపతి, విశ్రాంతి కమిటీకి అధ్యక్షుడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన చూడని ఫైలు లేదు, చూసిన మొహం లేదు.

“కళ్ళు ఎప్పట్నుంచి తిరుగుతున్నాయవ్వా?”

“నావా, నీవా?” అంది అవ్వ. “నిద్రపోయి ఎంతసేపైంది?”

“ముప్పై ఒక్క గంటలు. నువ్వు చెప్పు, నేను రాసుకుంటా.”

“దేంతో రాస్తావ్? ఇందాకట్నుంచీ థర్మామీటరుతో రాస్తున్నావు తల్లీ.”

గడియారం చేతిలోకి చూసుకుంది. నిజమే.

“ఇలా నడుం వాల్చు. నేను మొహం కడుక్కుని వచ్చేదాకా. పెద్దాయన వస్తే లేపుతాలే.”

మంచం అంచున కూర్చోవడం వరకే ఆ పిల్లకు గుర్తు.

అవ్వ తిరిగొచ్చేసరికి పిల్ల రాయిలా పడి ఉంది. తెల్లకోటు నలిగిపోతోంది, పైగా గుండీ ఒకటి దారానికి వేలాడుతోంది. యాభై ఏళ్ళు కుట్టుపని చేసిన చెయ్యి అది చూసి ఊరుకోలేదు. మెల్లగా కోటు లాగింది. పిల్ల కదల్లేదు. సంచిలోంచి సూదీ దారం తీసి గుండీ కుట్టింది. పిల్లకు తన దుప్పటి కప్పేసరికి తనకు చలేసింది, కోటు తను తొడుక్కుంది. జేబులోంచి జారిపోతోందని స్టెతస్కోపు మెడలో వేసుకుంది. సరిగ్గా అప్పుడే ఎనిమిదిమంది పరివారంతో పెద్దాయన వచ్చాడు.

“పదిహేడు,” అన్నాడు ఫైలు తెరుస్తూ. “ఎవరు చెబుతారు?”

మంచం పక్కన ఒక కోటు నిలబడి ఉంది. ఆయనకు అది చాలు.

“చెప్పమ్మా.”

వెనకాల ఉన్న కుర్ర డాక్టర్లలో ఒకడు నోరు తెరిచాడు. పక్కవాడు వాడి కాలు తొక్కాడు.

“ఏం చెప్పమంటావు నాయనా?” అంది అవ్వ.

“పేషెంటు సంగతి.”

“ముప్పై ఒక్క గంటలైంది నిద్రపోయి. నిన్న రెండు బిస్కెట్లు తిందంట, అంతే. చేతులు వణుకుతున్నాయి. ఎలా ఉన్నావంటే బాగున్నానంటుంది. వాళ్ళమ్మతో మాట్లాడి, మెట్లమీద కూర్చుని ఏడ్చింది. నీళ్ళకని వెళ్తూ నేనే చూశా.”

పెద్దాయన దుప్పటి వైపు చూశాడు. కాసింత జుట్టు, ఒక పాదం కనిపించాయి. ఫైల్లో అరవై ఎనిమిదేళ్ళని ఉంది. ‘వయసు కంటే చిన్నగా కనిపిస్తున్నారు’ అని ఆకుపచ్చ సిరాతో రాసుకున్నాడు. తరవాత పరివారం వైపు తిరిగాడు.

“చూశారా? మీరంతా యంత్రాలు చెప్పింది నాకు అప్పజెబుతారు. ఈ అమ్మాయి పక్కన కూర్చుని కనుక్కుంది. ఎన్నో ఏడాదమ్మా నీకు?”

“అరవై ఎనిమిది.”

ఆయన వినలేదు. అప్పటికే రాస్తున్నాడు. ‘జబ్బు: తీవ్రమైన అలసట. మందు: నిద్ర. ఇరవై నాలుగు గంటలు ఎవరూ లేపరాదు.’ కింద సంతకం. మంచంమీద పడి ఉన్న మార్కుల పుస్తకం తీసి పదికి పది వేసి, పద్దెనిమిదో మంచం ఖాళీ కావడంతో పంతొమ్మిదికి వెళ్ళిపోయాడు.

ఆ వార్డు సిస్టరు ఎవరి మాటా లెక్కచేయదు గాని ఆకుపచ్చ సిరాకు ఎదురు చెప్పదు. స్టూలు వేసుకుని కాపలా కూర్చుంది. అవ్వకు పద్దెనిమిదో మంచం ఇచ్చింది. సిస్టరు చూపుకు ఈగ కూడా ఆ మంచాన్ని చుట్టుతిరిగి వెళ్ళిందని చెబుతారు.

మర్నాడు తెల్లవారుజామున ఇంకో విడ్డూరం. లేపే మనిషి లేక ఆ అంతస్తు అంతా ఒళ్ళు మరిచి నిద్రపోయింది. తరగతికి ఒక్క వేలూ రాలేదు. మాస్టారు ఖాళీ బల్లలకు కాసేపు పాఠం చెప్పి, తన గొంతుకు తనే లొంగిపోయి, బల్లమీద పడుకున్నాడు.

గడియారం కళ్ళు తెరిచేసరికి పదకొండు.

“పెద్దాయన వచ్చి వెళ్ళారా సిస్టర్?”

“నిన్న.”

సంగతంతా విని పిల్ల వేళ్ళు లెక్కపెట్టుకుంది. నాలుగోది పడిందన్నమాట. ఫైలు పట్టుకుని పెద్దాయన గదికి పరిగెత్తింది. వెనకాలే అవ్వ.

“రూలు రూలే,” అన్నాడు ఆయన, జాబితా మీంచి తలెత్తకుండా.

“ఎవరూ లేపకూడదని మీరే రాశారు సార్.”

“ఇది అరవై ఎనిమిదేళ్ళ పేషెంటు ఫైలు.”

“ఆ పేషెంటును నేను నాయనా,” అంది అవ్వ. “నిన్న నాకు పదికి పది వేశావు.”

ముప్పై ఏళ్ళలో మొదటిసారి పెద్దాయన ఫైలు మీంచి తలెత్తి మొహాలు చూశాడు. ఒకసారి అవ్వను, ఒకసారి పిల్లను. ఆ గైర్హాజరు అలాగే ఉండాలంటే, దర్జీని విద్యార్థి అనుకున్నాననీ, విద్యార్థిని ముసలమ్మ అనుకున్నాననీ కమిటీకి రాసివ్వాలి. కొట్టేయాలంటే ఒక్క గీత చాలు. ఆయన పెన్ను మూత తీశాడు. ‘విశ్రాంతి తరగతి, ప్రాక్టికల్. హాజరు.’

“మిగతా ముప్పైతొమ్మిది మంది సార్?”

“వాళ్ళకీ అదే,” అన్నాడు నీరసంగా.

బయటికొచ్చాక అవ్వ గోడ పట్టుకుని నిలబడింది.

“నీ పరీక్ష గట్టెక్కింది. నా కళ్ళు మటుకు ఇంకా తిరుగుతున్నాయే.”

గడియారం ఆమెను మంచం దగ్గరికి నడిపించి స్టూలు లాక్కుంది. చేతిలో ఉన్నది పెన్నేనని చూసుకుని మరీ అడగడం మొదలుపెట్టింది. గంటసేపు విన్నాక, “ఇంటి దగ్గర మందులేమన్నా వాడుతున్నావా?” అంది. అవ్వ సూదుల సంచి విప్పి రెండు అట్టల మాత్రలు తీసింది. ఒకటి సందు చివర కొట్లోది, రెండోది అల్లుడు తెచ్చింది.

“పేర్లూ రంగులూ వేరేగాని రెండూ ఒకటే బీపీ మందవ్వా. డబుల్ డోసు పడుతోంది. పడుకుంటే బాగానే ఉంటుంది, లేస్తే బీపీ పడిపోతుంది. ఇక్కడ కూడా వేసుకుంటున్నావా?”

“మానమని ఎవరూ చెప్పలేదుగా.”

మూడో రోజుకు అవ్వ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఇంటికి నడిచి వెళ్ళింది.

కమిటీ పన్నెండోసారి కూర్చుని, బిస్కెట్లు తిని, ప్రాక్టికల్ చాలా గొప్పగా పనిచేసిందని మెచ్చుకుని, నోటీసు అంటించింది: ఇకనుంచి ప్రాక్టికల్ కూడా రోజూ ఉంటుంది, తెల్లవారుజామున నాలుగున్నరకు.

గడియారం ఆ నోటీసు రెండుసార్లు చదివింది. నలభైమందికీ ఒకేసారి గైర్హాజరు వేస్తే పరీక్ష ఎవరికి పెట్టాలో కమిటీకి తెలియదని ఆమెకు ఇప్పుడు తెలుసు. గదికి వెళ్ళి, దుప్పటి కప్పుకుని పడుకుంది. మర్నాడు ఎవరినీ లేపలేదు.