రంగు దిగుతోంది

ఓబుళేసు ముక్కు చీదితే నీలం. ఉమ్మితే నీలం. రాయదుర్గంలో నాలుగేళ్లుగా జీన్సు ప్యాంట్లు కుడుతున్న మనిషికి అదేమీ వింత కాదు. అయినా ఈ పొద్దు మిషను ముందు కూర్చుంటూ తన ఉమ్ము చూసి తానే అసహ్యించుకున్నాడు.

రెండువేల మూడులో వేరుశెనగ చేను నిలువునా మాడిపోతే, కడుపు చేతపట్టుకుని వచ్చాడిక్కడికి. ఇప్పుడా కడుపే పగబట్టింది. రేకుల షెడ్డులో పన్నెండు గంటలు వంగి కూర్చుంటే నడుం ఊరుకుంటుందా? అందుకని మేస్త్రీ బయ్యన్న గూట్లో నొప్పి బిళ్ళల డబ్బా పెట్టాడు. ఎవరైనా బొరుగులు నమిలినట్టు నమలొచ్చు. ఓబుళేసుకు పూటకు రెండు, ఉత్త కడుపున, చల్లారిన టీతో. అదొక ధర్మకార్యమని బయ్యన్న చెప్పుకునేవాడు. తూ, ఏం ధర్మమో!

మూడు రోజులుగా పొట్టలో నిప్పులు పోసినట్టుంది. దొడ్డికి పోతే తారులా నల్లగా, జిగటగా, చచ్చిన ఎలుక కంపుతో పడుతోంది. నిన్న సిగ్గు విడిచి పక్క మిషను కుళ్ళాయప్పకు చెప్పాడు. అతను నవ్వాడు. షెడ్డులో అందరూ నమ్మే మాటే అది: అన్నంలో పడే నూలు పొడి, వేళ్ళకంటిన రంగు లోపలికి పోయి అట్లా వస్తాయని.

"రంగు దిగుతాండాది లేన్నా. ప్యాంటు ఉతికితే దిగదా, అట్లే."

భార్య హేమావతి మాత్రం నమ్మలేదు. పొద్దున్నే వాకిలికి అడ్డం నిలబడి, బళ్ళారి పెద్దాసుపత్రికి పోదామని పట్టుబట్టింది.

"నీ మొగం సున్నం కొట్టినట్లుండాది. ఈ పొద్దు పోకుంటే నువ్వు నాకు దక్కవు."

ఒక్కరోజు లేస్తే మిషను ఇంకొకడి పాలవుతుందని అతని భయం. ఈ లాటు ప్యాంట్లు కుట్టడం కానీ, రేపు పోదామని ఆమెను తప్పించుకుని వచ్చాడు.

మధ్యాహ్నానికి ఒళ్ళంతా చల్లటి చెమట. కడుపునొప్పికీ నొప్పి బిళ్ళే కదా అనుకుని ఇంకో రెండు మింగాడు. నాలుగింటికి తల మిషను మీద వాల్చాడు. కునుకు తీస్తున్నాడని ఎవరూ కదపలేదు. చివరికి బయ్యన్న వచ్చి చూస్తే, నోటి పక్క నుంచి టీ పిప్పి లాంటి నల్లటిది కారుతోంది. బయ్యన్న ముందు మిషను మీది జీన్సు గుడ్డను మరక పడకుండా పక్కకు లాగాడు. తర్వాతే మనిషిని పట్టుకున్నాడు.

ఆటోలో ఊళ్ళో ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. డాక్టరు అడిగితే కుళ్ళాయప్ప బిళ్ళల సంగతీ, రంగు సంగతీ చెప్పాడు.

"రంగు కాదయ్యా, నెత్తురు. ఆ బిళ్ళలకు పొట్టలో పుండు పడి పగిలింది."

నిన్నటి తన నవ్వు గుర్తొచ్చి, కుళ్ళాయప్ప గోడవారకు పోయి కక్కుకున్నాడు. ఆ కక్కు కూడా నీలంగానే ఉంది.

మరునాడు ఎనిమిదింటికి ఆ మిషను మీద ఇంకొకడు కూర్చున్నాడు. షెడ్డు గుమ్మం బయట ఓబుళేసు చెప్పులు విడిచినచోటే ఉన్నాయి, తెగిన వారుకు జీన్సుకు వేసే పసుపు దారంతోనే రెండు వరసల కుట్టు.