రెండు పళ్లేల మిరప నారు

“బ్యాటరీలా? మిరప గింజలకి బ్యాటరీలెందుకే?” అంది అత్తగారు వంటింటి గుమ్మంలోంచి.

“బ్యాటరీ కాదత్తయ్యా, బ్యాక్టీరియా!”

“ఇంకా నయం! మొన్న డాక్టరు నా కడుపులో ఉందన్నది అదేగా? దాన్ని కొనుక్కొచ్చావా?”

“అది చెడ్డది. ఇది మంచిది. గింజని తొందరగా మొలిపిస్తుంది, వేరుని కుళ్లనివ్వదు.”

“మంచివాళ్లు మనుషుల్లోనే దొరకట్లేదు, నీకు పురుగుల్లో దొరికారా!” అనేసి ఆవిడ లోపలికెళ్లింది.

పెరట్లో నీడకి నెట్టు కట్టి, దాని కింద ఎలాగో నెట్టుకొస్తున్న నర్సరీ కోడలిది. కిందటిసారి మిరప నారు మొదలు కుళ్లి వాలిపోయింది. నారుతో పాటు ఆమె కూడా నీరుగారిపోయింది. సగం నారు కొనే రైతు పెద్దాయన ముఖం మీదే చెప్పేశాడు: “ఈసారీ ఇంతే అయితే ఇంకో నర్సరీ చూసుకుంటానమ్మా.” ఆయన వెళ్లిపోతే ఇక నెట్టు విప్పి మడతపెట్టుకోవడమే.

అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేసింది. చల్లారిన గంజిలో ఆ బ్యాక్టీరియా ఉన్న బూడిదరంగు పొడి కలిపి గింజలన్నిటికీ పట్టించింది. స్టీలు పళ్లెంలో సగం, ప్లాస్టిక్ పళ్లెంలో సగం పరిచి నీడలో ఆరబెట్టింది. సాయంత్రం స్టీలు పళ్లెంవి ఎడమవైపు ట్రేలలో, ప్లాస్టిక్‌వి కుడివైపు ట్రేలలో గుంటకొకటి చొప్పున వేసింది.

ముప్పై అయిదో రోజున పెద్దాయన వచ్చాడు. కుడివైపు ట్రేలు ఖాళీ లేకుండా పచ్చగా కళకళలాడుతున్నాయి. ఎడమవైపువి పళ్లూడిన నోళ్లలా ఉన్నాయి.

“ఒకటే గింజ, ఒకటే మందు అన్నావు. ఇదేంటమ్మా, లాటరీనా? దీన్ని నమ్మి పొలం దున్నుకోమంటావా?”

కోడలు వంగి ఎడమవైపు ట్రేలు మరోసారి చూసింది. “నీళ్లు కూడా ఒకేలా పెట్టానండీ. ఎందుకిలా అయిందో నాకే తెలీట్లేదు.”

అత్తగారు రెండుసార్లు దగ్గింది. “ఎడమవైపువి స్టీలు పళ్లెంలోవేనా?”

“అవునత్తయ్యా.”

“అయితే నన్నే అనాలి. అన్నం తినే పళ్లెంలో ఆ బూడిద గింజలు చూసేసరికి ఒళ్లు జలదరించింది. మూడు నీళ్లలో కడిగి మళ్లీ ఆరబెట్టేశా. ప్లాస్టిక్ పళ్లెం మొక్కలదేగా, దాని జోలికి పోలేదు.”

“నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!”

“చెబితే కడగనిస్తావా?”

పెద్దాయన రెండువైపుల నుంచీ చెరో మొక్క పైకి లాగి వేళ్లు పక్కపక్కన పెట్టాడు. కుడిదాని వేరు ట్రేలో నింపిన కొబ్బరి పొట్టుని ముద్దగా పట్టుకుని వచ్చింది. ఎడమదానికి ఉన్నవి రెండు దారాలు.

“నువ్వు చెబితే నమ్మేవాణ్ని కాదేమో. మీ అత్తగారు కడిగి మరీ చూపించింది. కుడివైపువన్నీ నాకే. వచ్చే నెల నారు కూడా ఇక్కడే పోసెయ్.”

కోడలు అక్కడే ట్రేల మధ్య కూలబడి, ఊపిరి పీల్చుకుని నవ్వేసింది. ట్రేలు మోయడానికి వచ్చిన ఆడవాళ్లు ఏమైందని మూగారు. అత్తగారు అందరినీ దగ్గరికి పిలిచి, ఎడమవైపు ట్రేలు చూపిస్తూ, ఎవరో తెలివితక్కువ మనిషి చేసిన పనిలా పాఠం చెప్పడం మొదలుపెట్టింది:

“పొడి పట్టించాక కడక్కూడదర్రా! కడిగితే ఆ మంచివి కాస్తా కొట్టుకుపోతాయి. గింజ ఒంటరిదైపోతుంది. అర్థమైందా?”