నీలం ఒంటితో కరెంటు మోశాను

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి నాయనా. గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది, నా గొంతు పైకి లేవదు.

నేను ఒక నీలం గొట్టాన్ని. ఇప్పుడు మూరెడు ముక్కని. భూమిలో ఉండే మాకు పేర్లుండవు, రంగే పేరు. మా ఊళ్ళో ఎర్రదానిలో కరెంటు తీగ, నీలందానిలో మంచినీళ్ళు. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా మమ్మల్ని చదువుకుంటారు. అంత నమ్మకం పెట్టారు మా మీద.

విజయనగరంలో ఒక కాంట్రాక్టరు షెడ్డు వెనక మూడు ఎండాకాలాలు పడి ఉన్నాను. నాతో వచ్చినవన్నీ నీళ్ళు మోయడానికి వెళ్ళిపోయాయి. నా నీడన కుక్కలు పడుకునేవి. నన్నెప్పుడు పిలుస్తారా అని ఒకటే ఆరాటం.

ఒకరోజు కరెంటు తీగ వేస్తుంటే చివర ఇరవై అడుగులకి ఎర్ర గొట్టం చాల్లేదు. మేస్త్రి సన్యాసినాయుడు నన్ను ఎత్తించుకొచ్చాడు. మట్టి తవ్వే ఆదెమ్మ పార ఆపి నా వంక చూసింది.

“నీలంది నీళ్ళది కదేటి మేస్త్రీ? రేపు తవ్వినోడికెలా తెలుస్తాది?”

“మట్టి కప్పేశాక రంగెవుడు సూత్తాడే? కానీ, కానీ.”

ఆదెమ్మ గొణుక్కుంటూనే మట్టి కప్పింది. నాకు నోరు లేదు, నిజమే. కానీ ఉన్నా ఆ రోజు మాట్లాడేదాన్ని కాదు. ఎందుకంటే నాకు సంతోషంగా ఉంది. నీళ్ళు మోసేవాళ్ళకి దక్కని గొప్ప నాకు దక్కిందనుకున్నాను. సిగ్గుపడాల్సింది అక్కడే నాయనా.

తొమ్మిదేళ్ళు గడిచాయి. ఆ వీధిలో కుళాయిలకి నీళ్ళు సన్నబడ్డాయి. ఎక్కడో గొట్టం పగిలిందని పెంటయ్య వచ్చాడు. నీళ్ళ ఆఫీసులో పాత పనివాడు. ఆయన పద్ధతి వేరు. గొయ్యి తీసి, గునపం మొన గొట్టానికి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. డాక్టరు గుండె విన్నట్టు వింటాడు. అలా నన్నూ విన్నాడు. పక్కన పగిలిన అసలు నీళ్ళ గొట్టం నుంచి నా అతుకులోకి నీళ్ళు దిగుతున్నాయి. ఆ గుడగుడ ఆయనకి వినబడింది. రంగు నీలం, లోపల నీళ్ళ చప్పుడు. ఇంకేం అనుమానపడతాడు?

వెళ్ళి వాల్వు కట్టేసి వచ్చి, రంపం పెట్టాడు. నా గోడ తెగగానే నీళ్ళు కారాయి. సరిగ్గానే పట్టానని తలాడించుకున్నాడు. తరవాత రంపం లోపలి కరెంటు తీగ చుట్టూ ఉన్న రబ్బరు మీద పడింది. మందం గొట్టం కాబోలనుకుని ఇంకా గట్టిగా లాగాడు.

ఆ మెరుపు గురించి చెప్పలేను. మనిషి బతికాడు. కుడిచేతి వేళ్ళు రెండు తీసేశారు.

అంతటితో పోలేదు. చూసుకోకుండా కరెంటు గొట్టం కోశాడని, తప్పు ఆయనదేనని కాగితం రాశారు. ఉద్యోగం ఊగిసలాడింది. కోసిన ముక్కని, అంటే నన్ను, కరెంటు స్టోరు దగ్గర తుక్కులో పారేశారు. ఒళ్ళంతా మసి. ఏ రంగుదాన్నో నాకే తెలియదు.

కట్టు కట్టిన చేత్తో పెంటయ్య వెతుక్కుంటూ వచ్చాడు. ఇద్దరు ఆఫీసర్లను వెంటబెట్టుకొచ్చాడు. నన్ను తీసి ఒళ్ళో పెట్టుకుని, తువ్వాలు తడిపి, ఎడంచేత్తో రుద్దాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచాడు. మసి కింద నుంచి నీలం బయటపడింది.

“సూడండి బాబూ. నాను రంగు సూసే కోసినాను.”

వాళ్ళు వంగి నా రంగు చూశారు. కాగితం తిరగరాశారు, ఉద్యోగం నిలిచింది. తనని కాపాడింది నేనేనని ఆయన నన్ను మెల్లగా తట్టాడు. ఆ తట్టిన చేతికి ఐదు వేళ్ళున్నాయి. రెండో చెయ్యి ఒళ్ళో ముడుచుకుని ఉంది. నేను దానివైపు చూడలేకపోయాను. ఇప్పటికీ చూడలేను.

ఇదీ నా కథ. మీరు మరిచిపోకండి. ఎక్కడైనా గొయ్యి తవ్వి గొట్టం దింపుతుంటే, ఒక్క నిమిషం నిలబడి ఆదెమ్మ అడిగిన మాట అడగండి. జవాబు వచ్చేదాకా మట్టి కప్పనివ్వకండి. ఎవరు చెప్పారంటే నా పేరు చెప్పండి, సిగ్గయినా ఫరవాలేదు.