455 జనవరి

లిఫ్ట్ తలుపులు మూసుకుంటుండగా మెయిల్ వచ్చింది. గ్యాలరీ గోడకి నేను రాసిన వివరాల కార్డు ఎంపికైంది, సాయంత్రం ఐదింటికి ప్రింటుకు వెళ్తుంది, రేపటి నుంచి నేను ఉద్యోగంలో చేరవచ్చు!

"ఆంటీ, వచ్చేసింది!" అంటూ పాపమ్మ ఆంటీని వాటేసుకున్నాను. క్లెమెంటిలో ఆవిడ ఫ్లాట్‌లోనే నాకూ అనిరుధ్‌కీ ఒక గది. పెళ్లయి మూడు నెలలు, ఆ నాలుగు గోడలకీ నాకూ బాగా పరిచయమైపోయింది.

అంతలో లిఫ్ట్ ఒక్క కుదుపుతో ఆగిపోయింది. అలారం నొక్కితే మనిషిని పంపుతున్నామంది ఒక గొంతు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఆంటీ సంచిలో కరివేపాకు వాసన, ఉక్క.

"ఏం రాశావమ్మా, ఉద్యోగమే ఇచ్చేసినారు?"

తంజోంగ్ పగార్‌లో ఓ చిన్న నాణేల గ్యాలరీ. అక్కడి రోమన్ నాణెం 455 నాటిది. ఆ ఏడాదిని ఎవరెవరు ఎలా లెక్కిస్తారో రాశానని చెప్పాను. రోమ్ పుట్టిన లెక్కన 1208. శకం 377. ఇప్పటి మన తెలుగు ఏళ్ల పేర్లను వెనక్కి లెక్కిస్తే మన్మథ. ఆ పేరు చూసి అనిరుధ్ వారమంతా నన్ను ఏడిపించాడు. ఏళ్లకి జంతువుల పేర్లు పెట్టే చైనా వాళ్లకి మేక.

"నేనూ మేకే లా!" అంది ఆంటీ, మాట చివర ఇక్కడివాళ్ల 'లా' తగిలించి. "యాభై అయిదులో పుట్టినా. జొహోర్‌లో మా పక్కింటి చైనా ఆవిడ, మేకకి కుందేలు కుదురుద్దని మా ఆయన్ని చూపించింది."

"నాణేనికీ మీకూ మధ్య సరిగ్గా పదిహేను వందల ఏళ్లు ఆంటీ! అరవైకోసారి అదే పేరు తిరిగొస్తుంది. మీరూ మన్మథే."

"ఛీ, పో!"

"ఏ నెల?"

"జనవరి పది."

నా నవ్వు ఆగిపోయింది. జనవరి పదికి చైనా కొత్త సంవత్సరం రాదు. ఉగాది ఇంకా దూరం.

"ఆంటీ... మీరు మేక కాదు. గుర్రం."

"ఇన్నేళ్లు మేకగా కాపురం చేసినాక గుర్రమంటావా? ఆయన్నేం చేసేది ఇప్పుడు?"

నా కార్డులో 455 మొత్తం మన్మథే, మొత్తం మేకే. అన్ని ఏళ్లూ ఒకే రోజున మొదలైనట్టు రాసేశాను. ఆ ఏడాది మొదటి రోజులు శకం 376వి. మన్మథకి ముందొచ్చే జయవి. గుర్రానివి. ఐదు కావస్తోంది. తలుపును అరచేతులతో బాదాను. ఇనుము మోగింది తప్ప కదల్లేదు.

తెరిచేసరికి ఐదున్నర. గ్యాలరీ నడిపే సీతారామారావు గారికి ఫోన్ చేశాను.

"ప్రింటయిపోయిందమ్మా. గోడకెక్కింది కూడా. ఎవరు చూస్తారు?"

ఊరుకుంటే ఉద్యోగం నాది. కానీ రోజూ ఆ గోడ ముందే నిలబడాలి.

"నేను చూస్తాను సార్. తప్పది."

"పొద్దున్నే వచ్చి సరిచేసి చూపించు," అన్నారాయన. "చేరే సంగతి తర్వాత మాట్లాడదాం."

గదిలో అనిరుధ్ రెండు ఐస్‌క్రీములు కరిగిపోకుండా తడిగుడ్డ చుట్టి కూర్చున్నాడు. జరిగిందంతా విని ఒకటి నా చేతిలో పెట్టాడు.

"రేపు ఎనిమిదింటికల్లా గ్యాలరీ తలుపు దగ్గరుంటాను," అన్నాను. "మొదటి వరుస జనవరితో మొదలుపెడతాను."

వంటింట్లోంచి ఆంటీ అరిచింది: "నేనూ వస్తా! గుర్రమని గోడ మీద చూస్తేనే నమ్మేది!"