రేకు పొట్టేలు

డబ్బా మూత ఊడబెరకడానికి ఓబమ్మకు రెండు దెబ్బలు చాలు. ఒకటి అంచు మీద, రెండోది తన బొటనవేలి మీద. ఆ రెండోది పడ్డాక మల్లికార్జునయ్య హోటలు పెరట్లో కాసేపు తిట్లు వినిపిస్తాయి. లోపల ఇడ్లీ తినేవాళ్ళు తలెత్తి చూడరు. పులివెందులలో వాళ్ళకు తెల్లవారడమంటే అదే.

అంట్లు తోమడం ఆమె పని. బూడిదా చింతపండూ కలిసి ఆమె అరచేతుల్లో గీతలన్నీ చెరిపేశాయి. నడుము ఎంత వంగిందంటే, కూర్చున్నా నిలబడ్డా మనిషి ఎత్తులో పెద్ద తేడా ఉండదు. ఖాళీ అయిన వనస్పతి డబ్బాలూ, చిల్లులు పడిన సత్తు గిన్నెలూ తనవేనని పనిలో చేరిన రోజే మాట తీసుకుంది. అమ్ముకుంటుంది కాబోలనుకున్నాడు మల్లికార్జునయ్య. ఆమె వాటిని పూలుగా కత్తిరించింది. తర్వాత చిలకలు, ఆ తర్వాత గుమ్మాలకు తోరణాలు. ఇవి వాడిపోని పూలని వీధిలో ఆడవాళ్ళు మురిసిపోయారు. తుప్పు పట్టాక ఆ ఊసెత్తలేదు.

ఆమె రేకు కత్తిరించేది గొర్రెబొచ్చు తీసే కత్తెరతో. ఒకప్పుడు వాళ్ళింట్లో అరవై గొర్రెల మంద ఉండేది. జనం గంజినీళ్ళతో బతికిన గంజికరువులో సగం చచ్చాయి, మిగిలిన సగాన్ని భర్త కాటమయ్య వచ్చినకాడికి అమ్మేశాడు. ఆ దిగులుతో తనూ పోయాడు. ఇంట్లో మిగిలింది కత్తెర, దాన్ని పట్టడం తెలిసిన చెయ్యి.

ఆమె ఉండే కురుబల వీధిలో ఒక కట్టడి ఉంది. బీరప్ప తిరునాళ్ళనాడు ఇంటికొక పొట్టేలు గుడి ముందు నిలబడాలి. అరువు తెచ్చింది చెల్లదు, ఇంట్లో పెరిగిందే కావాలి. పూజారి పసుపునీళ్ళు చల్లుతాడు. పొట్టేలు ఒళ్ళు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. అప్పుడు ఆ ఇంటి పేరు కేకేసి పిలుస్తాడు. వరసగా ఆరు తిరునాళ్ళు పిలుపు లేకపోతే ఆ ఇంటిని వరసలోంచి తీసేస్తారు. ఓబమ్మ ఇంటికి అయిదు అయిపోయాయి. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన మరుసటి ఏడు అది. ఆరో తిరునాళ్ళ ఆ సాయంత్రమే.

"సామీ, అంట్లన్నీ తోమేసినా. నేను పోతాండా," అంది మధ్యాహ్నానికే చేతులు తుడుచుకుంటూ.

"పో పో. మీ దేవుడు ఒప్పుకోకుంటే మాత్రం నా డబ్బాలు నాకు తెచ్చియ్యి. పప్పులు పోసుకుంటా."

"వాటికిప్పుడు కొమ్ములొచ్చినాయి సామీ. చూసుకోని పోసుకో."

ఇంట్లో చెక్క చక్రాల పలక మీద పొట్టేలు నిలబడి ఉంది. కడుపు వనస్పతి డబ్బా. కాళ్ళు చుట్టిన రేకు. కొమ్ములు సత్తుగిన్నెల అంచులు, రెండేసి మెలికలు. ఒళ్ళంతా బొచ్చే. సన్నటి రేకు ముక్కల్ని ఉన్ని వడికే కదురు మీద ఒక్కొక్కటే చుట్టి, ఒక్కొక్కటే వెంట్రుకంత తీగకు వేలాడదీసింది. వెయ్యి దాకా లెక్కపెట్టి విసుగొచ్చి మానేసింది.

గాజులమ్మే పక్కింటి ఖాజాబీ తాడు పట్టి లాగుతూ నిట్టూర్చింది. "ఇంత కష్టపడితివి ఓబక్కా, కోసుకోని తినేదానికి గూడా లేదే!"

"అందుకే నాకంటే ఎక్కువ దినాలు బతుకుతాది. లాగు, మాట్లాడొద్దు."

గుడి ముందు జనం ఘొల్లున నవ్వారు. పూజారి ఆదెన్నకు నవ్వు రాలేదు. ఆయన పొట్టేలు మధ్యాహ్నం నుంచీ ఒళ్ళు విదిలించక రాయిలా నిలబడి ఉంది. ఆ మంట మీదున్నాడు.

"ఏమ్మే ఓబమ్మా, ఇదేంది?"

"పొట్టేలు మామా."

"ఇంట్లో పెరిగిందై ఉండల్ల."

"పదకొండు నెల్లు నా ఇంట్లోనే పెరిగింది. కొమ్ములు ముందు పుట్టినాయి, కాళ్ళు ఆఖర్న. అది దాని ఇష్టం. నువ్వు నీళ్ళు చల్లు. విదిలించకుంటే నేనే లాక్కోని పోతా, మళ్ళా ఈ గడప తొక్కను."

ఆదెన్న చల్లాడు. నీళ్ళు జారిపోయాయి. రెండోసారి చల్లాడు. చెవి దగ్గర ఒక ముక్క కదిలి ఆగిపోయింది. ఓబమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మూడోసారికి ఆదెన్నకు ఒళ్ళు మండి, చెంబు పడేసి కడవెత్తి కుమ్మరించాడు.

మెడ దగ్గర మొదలైంది. ఒక ముక్క పక్కదాన్ని తాకింది, అది దాని పక్కదాన్ని. వణుకు వీపు మీదుగా తోక దాకా పాకింది. వెయ్యీ చిల్లర రేకు ముక్కలు ఒక్కసారిగా వడగళ్ళవాన పడినట్టు గలగలలాడాయి. ఆ మోతకు బెదిరి వరసలో ఉన్న పొట్టేళ్ళన్నీ ఒళ్ళు విదిలించాయి. అన్నిటికంటే గట్టిగా విదిలించింది ఆదెన్నదే.

డోళ్ళు మోగాయి. ఆదెన్న గొంతు సవరించుకుని, "కాటమయ్య ఇల్లూ!" అని కేకేశాడు.

"కాదు మామా," అంది ఓబమ్మ. "కాటమయ్య మంద అమ్ముకున్నాడు. ఇది నేను పెంచింది."

అందరూ ఆయన మొహం చూశారు. ఆయన తన పొట్టేలు మొహం చూశాడు. చూసి, గుడి గంట కదిలేటంత గొంతుతో పిలిచాడు.

"ఓబమ్మ ఇల్లూ!"

ఊరేగింపులో రేకు పొట్టేలు అన్నిటికంటే ముందు నడిచింది. తాడు ఓబమ్మే పట్టింది, ఎవరినీ పట్టనివ్వలేదు. గుడి చుట్టూ తిరిగొచ్చాక అరుగు మీద దాన్ని ఆనుకుని కూర్చుంది. ఖాజాబీ పానకం తేవడానికి వెళ్ళింది.

"ఓబక్కా, ఇదో, పానకం."

పలకలేదు. మొహం మీద ఎవరికో జవాబు చెప్పి గెలిచినప్పటి ఆ కొంటెతనం అలాగే ఉంది. చేతిలో తాడు కూడా అలాగే ఉంది. ఖాజాబీ లోటా కింద పెట్టి, పక్కన కూర్చుని, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

మర్నాడు పొద్దున మల్లికార్జునయ్య హోటలు మూసి వచ్చాడు. శవం వెంట వీధి వీధంతా నడిచింది. పొట్టేలును గుడి చూరు కిందే వదిలారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి దాని ముందు ఎవరో మేత వేసి పోయి ఉన్నారు. ఎవరని ఒకరినొకరు అడిగారు కానీ, ఆదెన్న మాత్రం ఎవరినీ అడగలేదు. లేత జొన్నచొప్ప, ఇంకా మంచు ఆరనిది, నమలడానికి వీలుగా జానెడు ముక్కలుగా తరిగి, రేకు మూతికి అందేటంత దగ్గరలో పచ్చగా పోసి ఉంది.