మైదా జిగురు

బడి లైబ్రరీలో కుముదిని ఫొటోకు దండ వేసి, ఒక్కొక్కరే లేచి మాట్లాడుతున్నారు. ఈ హిందీ ఊళ్లో, సెక్టర్ 4లోని ఆ బడికి ఉద్యోగకాలమంతా ఆవిడే లైబ్రరీ మేడమ్. ఓర్పు, ప్రేమ, త్యాగం అనే మాటలు హిందీలో వరసగా వస్తున్నాయి. కూతురు రజనీకుమారి చేతులు కట్టుకుని వింటోంది. పొగడ్తలంటే ఆమెకు మొదటినుంచీ అనుమానమే. ఇంతమంది ఒకే మాట అంటున్నారంటే అమ్మను ఎవరూ దగ్గరగా చూడలేదన్నమాట.

వినలేక పక్కనున్న బీరువా వైపు తిరిగింది. అందులో గొర్రెల కాపరి కూతురి కథ పుస్తకం కనిపించింది. అట్ట మూల పసుపు అంటిన చిన్న వేలిముద్ర. అది తనదే.

చిన్నప్పుడు అమ్మ చిరిగిన పుస్తకాలే ఇంటికి తెచ్చేది. మంచివి బయటి పిల్లలకి. లైబ్రరీ మేడమ్ కూతురికే ముందు దొరుకుతాయని ఎవరూ అనకూడదు. మైదా జిగురు ఉడుకుతుంటే రజని పొయ్యి పక్కన కూర్చుని చదివేది. పేజీలు లేనిచోట అమ్మ వంట చేస్తూ కథ నోటితో పూర్తిచేసేది. ఈ కథకు చివరి పేజీలు లేవు. కొండ దాటి వెళ్లిన తండ్రి మంచులో నిద్రపోయి మరి లేవలేదని, మొహంలో బాధన్నదే లేదని అమ్మ చెప్పింది.

రజని పుస్తకం తీసి చివరి పేజీలకు తిప్పింది. పేజీలున్నాయి. అంచున సన్నటి కాగితపు పట్టీ, దాని కింద జిగురు ఎండి గోధుమరంగుకు తిరిగింది. ఒక్క ముడతైనా లేని ఆ అతుకు అమ్మ చేతిదే. నిలబడే చదివింది. తండ్రి చనిపోలేదు. కొండకవతల ఇంకో సంసారం పెట్టుకుని ఉన్ని అమ్ముకుంటున్నాడు.

అంటే పేజీలు పోలేదు. అమ్మే తీసి దాచి, తర్వాత అతికించింది. ఎందుకు?

ఆ ప్రశ్న పుస్తకం దగ్గర ఆగలేదు. రజనికి ఏడేళ్లప్పుడు నాన్న అప్పలసూరి ఊరికని బయలుదేరి, విజయనగరం స్టేషన్లో బల్ల మీద కూర్చుని టీ తాగుతూ పోయాడు. చేతిలో గ్లాసు కింద పడలేదు కూడా. అమ్మ ఎప్పుడు చెప్పినా ఆ గ్లాసు ఉండేది. లేనిదల్లా తద్దినం. అడిగితే "ఆడపిల్లవి, మనకి లేదులే" అనేది. సుపేలా బజారంటే అమ్మకు తలనొప్పి, కూరగాయలకైనా అటు పోయేది కాదు. ఇన్నాళ్లూ ఎక్కడెక్కడో పడున్న సంగతులు ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి.

సభ ముగియకముందే ఆటో ఎక్కింది. ఖుర్సీపార్లో అమ్మ స్నేహితురాలు వరమ్మ తన కిరాణా కొట్లో చింతపండు పొట్లాలు కడుతోంది.

"ఏటమ్మా, మీటింగప్పుడే అయిపోనాదా? సమోసాలు పట్టుకొస్తావని సూస్తన్నాను."

"పిన్నీ, నాన్న ఎలా పోయాడు?"

"ఇయ్యాలేటి కొత్తగా? ఇజీనారం టేసన్లో బల్ల మీద కూకుని టీ తాగుతా పోనాడు. సేతిలో గళాసు కింద పడ్లేదు కూడా."

అవే మాటలు, అదే వరస. ముప్పై ఏళ్లకు పైగా ఏమీ అరగలేదు. నిజం చెప్పేవాళ్లు ఎక్కడో ఒకచోట తడబడతారు.

"గ్లాసు పడలేదని నీకెవరు చెప్పారు?"

"మీయమ్మే."

"అమ్మకెవరు చెప్పారు? అమ్మ అక్కడ లేదుగా."

పొట్లం దారం వరమ్మ వేళ్లలోనే ఉండిపోయింది. "పోలీసోల్లింట్లో పుట్టాల్సిందానివి నువ్వు," అంది.

"సచ్ బోలో, పిన్నీ. నిజం చెప్పు."

"సచ్చేటి నా మొహం! పోయినోల్లకి తెలీదులే, ఇను. మీ నాన్న ఇంకో ఆడమనిసితో ఎల్లిపోనాడు. నువ్వు గుమ్మంలో కూకుని ఎదురుసూసీదానివి, అన్నం ముట్టీదానివి కాదు. సచ్చిపోనాడంటే ఏడ్సి ఊరుకుంటాది, వదిలీసి పోనాడంటే తనవల్లే అనుకుంటాది, అనీసి బతికున్న మొగుడికి బొట్టు తీసీసుకుంది మీయమ్మ. నన్ను కూకోబెట్టి పాఠంలాగ అప్పజెప్పించుకుంది కూడా."

రజనికి ఏడుపు రాలేదు. "ఇప్పుడెక్కడున్నాడు?"

"ఆ ఆడమనిసి సచ్చిపోయాక తిరిగొచ్చీసాడు. సుపేలాలో బస్సులు ఆగే కాడ తాళంసెవులు సేత్తన్నాడు. మీయమ్మ ఒకపాలి సూసీసింది. మరటేపు ఎల్లలేదు."

వరమ్మ చెప్పింది కాబట్టి నిజమా? ఇదీ అమ్మ నేర్పిన పాఠమే అయితే? మొదటిది బయటపడితే చెప్పడానికి రెండోది సిద్ధంగా ఉంచే మనిషే అమ్మ. వరమ్మ మొహంలోకి చూసింది. అక్కడ తేలేది కాదు.

మళ్లీ ఆటో, ఈసారి సుపేలాకు. దారంతా ఆ అతుకే కళ్ల ముందు ఆడింది. అమ్మ పేజీలను దాచింది గానీ పారెయ్యలేదు. కూతురు చదవకూడదనుకున్నదాన్నే, ముడత పడకుండా, మళ్లీ అతికించి అందరి మధ్యా పెట్టింది. ఎప్పటికైనా తెరుస్తుందనేనా? లేక లైబ్రరీ పుస్తకం కాబట్టా? చెప్పేవాళ్లిక లేరు.

"దీదీ, యహీఁ ఉతరనా హై?" అన్నాడు ఆటో డ్రైవర్, బస్సులు ఆగే చోట ఆపి.

నీలం ప్లాస్టిక్ పట్టా కింద ఒక ముసలాయన తాళంచెవిని ఆకురాయితో రాస్తున్నాడు. పక్కన సగం తాగిన టీ గ్లాసు. ఎడమ చెవి బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఇంట్లో దండ వేసిన నాన్న ఫొటోలో చెవి అలాగే ఉంటుంది, అద్దంలో తనదీ అలాగే ఉంటుంది. అయినా చెవులదేముంది, ఎవరికైనా ఉంటాయి.

దిగి దగ్గరకు వెళ్లింది. ఆయన తల ఎత్తకుండానే, "చాబీ బనానా హై, బేటీ?" అన్నాడు.

రజని సంచిలోంచి అమ్మ ఇంటి తాళంచెవి తీసింది. ఆయన చెయ్యి చాపాడు. ఆమె మాత్రం గుప్పిట తెరవలేదు.

"ముందు మీ పేరు చెప్పండి," అంది తెలుగులో.

ఆకురాయి ఆగిపోయింది.