ముందర ఒక పసుపు కొమ్ము

మా ఇంటి గడప పెకలించిన రోజు నేను అన్నం ముట్టలేదు.

తీయించింది నా కొడుకు అరవిందే. మా ఆయన గంగాకిషన్ గారికి పార్కిన్సన్స్ వచ్చి కొన్నేళ్లయింది. చేయి వణకడం సరే, అలవాటైపోయింది. నడుస్తూ నడుస్తూ కాళ్లు నేలకు అతుక్కుపోతాయి, ఒళ్లు మాత్రం ముందుకు తూలుతుంది. దీపావళి ముందు అలాగే వంటింట్లో పడి మోచేయి పగలగొట్టుకున్నారు. కాళ్లకు తగిలేవి తీసేయమని డాక్టరు అంటే, చాపలూ పీటలతో పాటు మావాడు గడప కూడా తీయించి టైల్స్ వేయించాడు.

"గడప లేని ఇల్లు ఇల్లేనారా? పసుపు యాపారం చేసేటోళ్లం, పసుపు ఏడ రాయాలె, నీ నెత్తికా?" అన్నాను.

"బాపు పడొద్దనే కదనే అమ్మా!"

ఆ మాట నిజమే గానీ నా కోపం దిగలేదు.

తీరా చూస్తే తిప్పలు పెరిగాయి. నున్నటి నేల మీద గుమ్మం దాకా వచ్చి ఆయన నిలబడిపోయేవారు. ఆయన దిగులంతా ఒక్కటే. కొత్త పంట పసుపు మార్కెట్ యార్డుకు వచ్చే తొలిరోజు తన కాళ్లతో నడిచి వెళ్లి, రైతుల సరుకు అమ్మిపెట్టే మా అడ్తి దుకాణంలో కూర్చోవాలి. అరవింద్ చక్రాల కుర్చీ తెచ్చిపెట్టాడు.

"కుర్చీల కూసోని నేను రాను. ఇంట్లనే ఉంట" అని మొండికేశారు. నాకు ఏడుపొచ్చింది.

శుక్రవారం పొద్దున పంతం పట్టి, గడప ఉన్నచోట ఆ టైల్స్ మీదే మందంగా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. మావాడు నవ్వాడు. అది ఆరేసరికి ఆయన వచ్చారు. బుద్ధెరిగినప్పటి నుంచి పసుపు గడప తొక్కని మనిషి! కాలెత్తి దాటేశారు.

"అయ్యో దేవుడా! ఇంకోపారి దాటుండ్రి!" అన్నాను.

మళ్లీ దాటారు. ముగ్గురం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

కసరత్తులు చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి విని సంతోషించింది. "కొందరికి గీత కనవడితే కాలు లేస్తది పెద్దమ్మా. రంగు టేపులు అంటిద్దాం. గని తడి పసుపు మీద జారుతరు, పైలం. పక్కన మనిషి ఉండాలె" అంది.

తొలిరోజు రానే వచ్చింది. ఆటో దిగి యార్డు గేటు దాకా బాగానే నడిచారు. గేటులో ఇటు బండ్లు, అటు బస్తాలు, మధ్య ఇరుకు సందు. అక్కడ ఆగిపోయారు. జనం చూస్తున్నారు. ఆయన మొహం చిన్నబోయింది.

"కుర్చీ తేవాల్నా బాపూ?" అన్నాడు పక్కనే ఉన్న అరవింద్.

ఆయన బస్తా పక్కన రాలిన పసుపు కొమ్మును చూస్తూ, "రాధా, గా కొమ్ము నా ముందల అడ్డం పెట్టు" అన్నారు మెల్లగా.

పెట్టాను. పసుపును తొక్కుతారా ఆయన! కాలెత్తి దాటారు. తీసి మళ్లీ ముందర పెట్టాను, మళ్లీ దాటారు. గేటు లోపలికి వెళ్లాక కాళ్లు వాటంతటవే సాగాయి.

నేను కొమ్మును కళ్లకద్దుకుని కొంగున కట్టుకుంటూ నిలబడిపోయాను.

"నడువు రాధాబాయీ, జర జల్ది! నీ కోసం ఎంతసేపు ఆగాలె?" అని ముందునుంచి ఆయన కేక.

ఎంత తిక్క మనిషో! కళ్లు తుడుచుకుంటూ పరుగెత్తాను.